జాంగోలో (పైథాన్‌ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఎడిట్ చేస్తే పాత రికార్డు మారకుండా కొత్తది ఎందుకు చేరుతోంది?

కస్టమర్ ఫోన్ నంబర్ మార్చి సేవ్ కొడితే అదే పేరు రెండుసార్లు కనిపిస్తోందంటే, ఫామ్‌కి పాత రికార్డు అందలేదన్నమాట. సేవ్ చేసేటప్పుడు ఆ ఆబ్జెక్ట్‌కి ప్రైమరీ కీ (రికార్డుని గుర్తించే ఐడీ) లేకపోతే జాంగో కొత్త రికార్డు చేర్చేస్తుంది. దాని తప్పేం లేదు. వ్యూలో (రిక్వెస్ట్‌ని అందుకునే కోడ్) ముందు ఐడీతో రికార్డు తెచ్చుకుని, మోడల్‌ఫామ్‌కి (మోడల్ నుంచి తయారయ్యే ఫామ్) పోస్ట్ డేటాతో, అంటే సేవ్ కొట్టినప్పుడు వచ్చే వివరాలతో పాటు దాన్ని ఇన్‌స్టన్స్‌గా (instance) ఇవ్వండి. చాలామంది పేజీ తెరిచేటప్పుడు ఇస్తారు, పోస్ట్ దగ్గర మరిచిపోతారు. ఫామ్‌లో పాత వివరాలు చక్కగా కనిపిస్తాయి కాబట్టి అనుమానం కూడా రాదు.

ఒకేసారి వందల రికార్డులు మార్చాలంటే ఫిల్టర్ పెట్టి అప్‌డేట్ వాడండి, ఒక్క క్వెరీతో అయిపోతుంది. కాకపోతే అది మోడల్‌లోని సేవ్‌ని పిలవదు. ఆటో నౌ (auto_now, సేవ్ చేసిన ప్రతిసారీ తేదీని తనే మార్చే సెట్టింగ్) పెట్టిన తేదీ కూడా పాతదే ఉండిపోతుంది, దాన్ని మీరే విడిగా ఇవ్వాలి.