టెక్ సందేహాలు: జింకల వేటకు మొదటి బైనాక్యులర్

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకరు ఈ నవంబరులో తమ వాళ్లు కౌలుకు తీసుకున్న భూమిలో జింకల వేటకు రమ్మన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, లైసెన్సు తీసుకున్నాను. బైనాక్యులర్ కొనుక్కోమన్నారు. 300 డాలర్ల వరకు పెట్టగలను. దుకాణంలో 8×42, 10×42, 12×50 చూస్తే 12×50లోనే అన్నీ పెద్దగా కనిపించాయి. నాకు కళ్లద్దాలున్నాయి. రైఫిల్ మీద స్కోప్ ఉండగా అసలు బైనాక్యులర్ అవసరమా?

జవాబు: మీ చివరి మాటతోనే మొదలుపెడతాను. స్కోప్ గురిపెట్టడానికి ఉన్న పరికరం, వెతకడానికి ఉన్నది కాదు. దానిలోంచి దేన్ని చూసినా తుపాకీ గొట్టం దాని వైపే తిరిగి ఉంటుంది. పొద వెనుక కదిలింది జింకా, పశువా, పక్క భూమిలోంచి నడిచి వస్తున్న మనిషా అన్నది తేలకముందే గొట్టం అటు తిప్పడం ఏ వేటగాడూ చేయకూడని పని. ముందు బైనాక్యులర్‌తో చూసి, ఏమిటో నిర్ధారించుకున్న తరువాతనే రైఫిల్ ఎత్తాలి. కాబట్టి అది తప్పనిసరిగా కావాలి.

ఇంకొక కారణం కూడా ఉంది. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో ఏ మగ జింకను వేటాడవచ్చో దాని కొమ్ములను బట్టి నియమం ఉంది: రెండు కొమ్ముల్లో కనీసం ఒకటైనా కొమ్మలు చీలనిదై ఉండాలి, లేదా రెండు కొమ్ముల నడుమ లోపలి వెడల్పు 13 అంగుళాలకు తగ్గకూడదు. చెవులు నిక్కించి నిలబడిన జింకకు ఒక చెవి కొస నుంచి మరో చెవి కొసకు దూరం దాదాపు 13 అంగుళాలే కనుక, కొమ్ములు చెవుల కొసలను దాటి వెడల్పుగా ఉన్నాయా అని చూస్తారు. మీరు వెళ్లే కౌంటీకి ఈ నియమం వర్తిస్తుందో లేదో రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నిబంధనల్లో చూసుకోండి. వంద గజాల దూరంలో, మసక వెలుతురులో చెవి కొసను, కొమ్మును విడదీసి చూపించగలగాలి. మీ బైనాక్యులర్‌కు అసలు పరీక్ష అదే.

మసక వెలుతురు అనడానికి కారణముంది. అక్కడి తెల్లతోక జింకలు వేకువనా, మునిమాపునా ఎక్కువగా తిరుగుతాయి. చట్టం కూడా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు వేటను అనుమతిస్తుంది. బైనాక్యులర్ పేరులోని రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండవది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. రెండవ దాన్ని మొదటి దానితో భాగిస్తే, వెనుక నుంచి కంటిలోకి వచ్చే వెలుగు వలయం ఎంత వెడల్పో తెలుస్తుంది. 8×42కు అది 5.25 మిల్లీమీటర్లు, 10×42కు 4.2, మీరు ముచ్చటపడిన 12×50కు కూడా సుమారు 4.2 మాత్రమే. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి దుకాణంలోని వెలుతురులో ఈ తేడా ఏమాత్రం తెలియదు. చీకటి పడుతుంటే కంటిపాప విప్పారుతుంది, అప్పుడు వలయం చిన్నదైతే దృశ్యం నల్లబడుతుంది. అందుకే దుకాణానికి సాయంత్రం వెళ్లండి, తలుపు బయట నిలబడి చెట్ల కింది నీడల్లోకి చూడండి.

ఇక వణుకు సంగతి. పరికరం దృశ్యాన్ని ఎన్ని రెట్లు పెంచితే చేతి వణుకునూ అన్ని రెట్లు పెంచుతుంది. 12 రెట్ల బైనాక్యులర్‌ను ట్రైపాడ్ లేకుండా పది నిమిషాలు పట్టుకుంటే పెద్దగా కనిపించినవే అలుక్కుపోయి కనిపిస్తాయి. పైగా శక్తి పెరిగిన కొద్దీ ఒకేసారి కనిపించే ప్రదేశం తగ్గుతుంది: కిలోమీటరు దూరంలో 8 రెట్లది సాధారణంగా 130 మీటర్ల వెడల్పు చూపిస్తే, 10 రెట్లది 110 మీటర్లకు అటూ ఇటూ చూపిస్తుంది. ఓక్, జూనిపర్ చెట్ల నడుమ ఒక్క క్షణం కదిలిన చెవిని పట్టుకోవాలంటే ఆ వెడల్పు ఎంతో విలువైనది. పశ్చిమ టెక్సస్ మైదానాల్లో అయితే 10×42 మంచిదే. ఆస్టిన్ పరిసరాల కొండ ప్రాంతంలో, మన పొలాల్లోని మంచె లాంటి బ్లైండ్‌లో కూర్చునేవారికి నేను 8×42 మాత్రమే చెబుతాను.

కళ్లద్దాలున్నవారు చూడవలసిన అంకె ఐ రిలీఫ్, అంటే వెనుక కటకానికి ఎంత దూరంలో కన్ను ఉంచినా దృశ్యం మొత్తం కనిపిస్తుందన్నది. అది 16 మిల్లీమీటర్లకు తగ్గితే అంచులు తెగిపోతాయి. నేనూ కళ్లద్దాలు పెట్టుకునేవాణ్ణే కాబట్టి పెట్టె మీది అంకెను నమ్మి ఊరుకోవద్దని కూడా చెబుతాను. కంటికి ఆనే రబ్బరు అంచులను, అంటే ఐకప్‌లను, పూర్తిగా లోపలికి తిప్పి, అద్దాలతోనే చూసి, వలయం అంచు చుట్టూ కనిపిస్తేనే తీసుకోండి.

మీ ధరలో దొరికేవి ఎక్కువగా సన్నగా, నిటారుగా ఉండే రూఫ్ ప్రిజమ్ రకాలు. ఈ నిర్మాణంలో వెలుగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు వాటి తరంగాల పొంతన తప్పి, సన్నని వివరాలు మసకబారుతాయి; దాన్ని సరిదిద్దే పూతను ఫేజ్ కోటింగ్ అంటారు. వివరాల్లో ఆ మాట, దానితోపాటు ఫుల్లీ మల్టీ కోటెడ్ (అన్ని అద్దాల మీదా పలు పొరల పూత) అన్న మాట లేని రూఫ్ ప్రిజమ్‌ను కొనవద్దు. లోపల నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపినదైతే లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు. వెచ్చని బ్లైండ్‌లో మీ ఊపిరికి బయటి అద్దం మసకబారడాన్ని మాత్రం అది ఆపలేదు, కాబట్టి మెత్తని గుడ్డ జేబులో ఉండాలి.

మీ బడ్జెట్‌లో వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ, నికాన్ మోనార్క్ ఎం5 రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వోర్టెక్స్ వారంటీ జీవితకాలానిది, చేతులు మారినా చెల్లుతుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కలిసినవి ఇప్పుడే వద్దు. మిగిలిన డబ్బుతో బరువును మెడ మీద కాక భుజాల మీద మోపే హార్నెస్ కొనండి. అరకిలో దాటిన పరికరం మధ్యాహ్నానికి మెడ నొప్పి పుట్టిస్తుంది.

కొన్నాక ఒక పని మరిచిపోవద్దు. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డు మీది అక్షరాలు స్పష్టమయ్యేలా మధ్య చక్రం తిప్పండి. తరువాత ఎడమ కన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా కుడి గొట్టం దగ్గరి డయాప్టర్ వలయాన్ని మాత్రమే సర్దండి. చాలామంది ఈ వలయాన్ని ముట్టనే ముట్టక, తలనొప్పికి పరికరాన్ని నిందిస్తారు.

ప్రశ్న: మాది నెల్లూరు. నేలపట్టులో గూడబాతులను చూడటానికి, ఆన్‌లైన్‌లో 999 రూపాయలకు 100 రెట్ల జూమ్ బైనాక్యులర్ కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. 30 మిల్లీమీటర్ల కటకంతో నిజంగా 100 రెట్లు పెంచితే కంటికి చేరే వలయం 0.3 మిల్లీమీటర్లే, ఎండలోనూ గూడబాతు బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 చట్టం నిషేధించినా, జంతువును చూడటానికి కావలసిన కటకాలు, ప్రిజమ్‌లు ఒకటే. కనుక పై జవాబులోని 8×42 మీకూ సరిపోతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే పాతకాలపు వంకర ఆకారంలో ఉండే పోరో ప్రిజమ్ 8×40 చూడండి. బరువైనా, నీళ్లకు జాగ్రత్త పడవలసి వచ్చినా, అదే ధర రూఫ్ ప్రిజమ్‌కంటే దానిలో దృశ్యం తేటగా ఉంటుంది.