మావాడి గదిలో నార్కాన్ డబ్బా: పారేయమనాలా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్ళి. అబ్బాయి ఆగస్టులో ఎంఎస్‌కి షికాగో వెళ్ళాడు. మొన్న వీడియో కాల్‌లో వాడి బల్ల మీద నార్కాన్ అనే డబ్బా కనిపించింది. ఓరియెంటేషన్‌లో ఊరికే ఇచ్చారంటాడు. వెతికితే డ్రగ్స్‌కి సంబంధించిన మందని తేలింది. ఒకటే టెన్షన్. పారేయమని చెప్పనా?

జవాబు: పారేయమనకండి. డ్రగ్ ఓవర్‌డోస్‌తో ఊపిరి ఆగిపోతున్నవాళ్ళని బతికించే మందు అది. మీవాడు అబద్ధం చెప్పి ఉండడు. అక్కడ ఆ డబ్బా చేతికి రావాలంటే డ్రగ్స్ అలవాటు ఉండనక్కర్లేదు. నేను చాలా ఏళ్ళు షికాగోలో ఉండి వైట్‌ఫీల్డ్‌కి వచ్చేశాను. అక్కడి పబ్లిక్ లైబ్రరీల్లో 2022 నుంచి నగర ప్రజారోగ్య శాఖే దాన్ని ఉచితంగా అందుబాటులో పెట్టింది. న్యూయార్క్‌వాళ్ళు 2023లో బ్రూక్లిన్‌లో ఏకంగా వెండింగ్ మెషీనే పెట్టారు. అదే ఏడాది నుంచి మందుల షాపుల్లో చీటీ లేకుండా కూడా అమ్ముతున్నారు. రెండు డోసులకి 45 డాలర్ల దాకా అవుతుంది. ఉచితంగా దొరికేదానికి అంత పోయడం దండగ.

ఇదంతా ఎందుకంటే, 2021 నుంచి 2023 దాకా ఆ దేశంలో ఏటా లక్షమందికి పైగా ఓవర్‌డోస్‌తో పోయారు. ఎక్కువ మంది ప్రాణం తీసింది ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్లే, అంటే నల్లమందు తరహాలో మత్తిచ్చే నొప్పి మందులే. అసలు మాత్రల్లాగే కనిపించే నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ కలుస్తోంది. మీవాడికి గట్టిగా చెప్పాల్సింది ఇక్కడే: పరీక్షల ముందు మెలకువకని, నడుం నొప్పికని రూమ్మేట్ ఇచ్చిన మాత్ర ఏదీ వేసుకోవద్దు. మీరు కూడా ఇక్కడి నుంచి నొప్పులకని ట్రమడాల్ స్ట్రిప్పులు సర్ది పంపకండి. అదీ ఓపియాయిడే. 2018 నుంచి మన దగ్గరా ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి వచ్చింది, అమెరికాలోనూ నియంత్రిత మందే.

డబ్బాలో ఉండేది నాలోక్సోన్ స్ప్రే. ఓపియాయిడ్ మెదడులో కూర్చుని ఊపిరిని ఆపుతుంటే, ఇది వెళ్ళి దాన్ని పక్కకి నెడుతుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్ళకి కొట్టినా హాని ఉండదు, కాబట్టి అనుమానం ఉంటే కొట్టేయడమే. బెంగళూరులో ఇది ఆసుపత్రి ఇంజెక్షన్‌గానే తెలుసు, అందుకే మనకి కొత్తగా అనిపిస్తుంది.

వాడే పద్ధతి వాడితో ఒకసారి చెప్పించుకోండి, మీకూ ధైర్యంగా ఉంటుంది. ఓవర్‌డోస్ అయిన మనిషి పిలిచినా పలకడు, పెదాలు నీలంగానో బూడిదరంగులోనో మారతాయి, గొంతులో గరగర శబ్దం వస్తుంది. రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలకపోతే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, స్ప్రే కొనని ఒక ముక్కు రంధ్రంలోకి లోపలిదాకా పెట్టి ఒకే నొక్కు. పనిచేస్తుందో లేదో అని ముందే నొక్కి చూస్తే ఆ స్ప్రేలో ఉన్న ఒక్క డోసూ గాలిలో కలుస్తుంది. రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో స్ప్రే, రెండో రంధ్రంలో. ఊపిరి అందుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. లేచినవాడు వాంతి చేసుకోవచ్చు, తిట్టవచ్చు కూడా. వదిలి పోకూడదు. మందు ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత మళ్ళీ ఊపిరి ఆగవచ్చు.

పోలీసుల భయంతో ఫోన్ చేయనివాళ్ళున్నారు. అలా సాయం కోసం పిలిచినవాళ్ళ మీద కొద్దిపాటి డ్రగ్ దొరికిందని కేసు పెట్టకుండా ఇల్లినాయిస్‌లో 2012 నుంచి చట్టం ఉంది. అది రాష్ట్ర చట్టం, వీసా ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) వ్యవహారం. అందుకే డ్రగ్ దగ్గర ఉన్నవాళ్ళకి బెంగ పూర్తిగా పోదు. మీవాడి దగ్గర ఏమీ లేనప్పుడు జంకాల్సిన పని లేదు.

డబ్బాని మాత్రం కారులో ఉంచొద్దనండి. షికాగో జనవరిలో మందు గడ్డకట్టేస్తుంది. గదిలోనే, రూమ్మేట్లందరికీ తెలిసిన చోట పెట్టి, గడువు తేదీ చూసుకోమనండి.