కోడి రెట్ట తూయడానికా ఇంత చదువు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి గరివిడి పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ చదువుతోంది, ఇంటర్న్‌షిప్‌లో ఉంది. తర్వాత పీజీలో, అంటే ఎంవీఎస్సీలో, పశుపోషణ (పశువులు, కోళ్ల మేత గురించిన శాస్త్రం) తీసుకుంటానంటోంది. బ్రాయిలర్ కోళ్ల దాణా దినుసుల్లో ఎంత శక్తి ఉందో కొలవడం నేర్చుకోవాలట. దానికి రోజూ కోడి రెట్ట పోగుచేసి తూయాలట. ఇంత చదివించింది ఇందుకా అని చుట్టాలు అడుగుతున్నారు. పశువైద్యాధికారి ఉద్యోగానికి ప్రిపేర్ అవ్వమంటే వినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయిని ఆపకండి. మీ టెన్షన్ అంతా రెట్ట అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఆ పనిలో అసలు సంగతి ఉన్నది కూడా అక్కడే.

ఆనందపురం, కొత్తవలస వైపు కోళ్ల షెడ్లు చూసే ఉంటారు. ఏ రైతును అడిగినా ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతుందంటాడు. మొక్కజొన్న ధర పెరిగిందంటే దాణా మిల్లు వాళ్లు నూకలు, తవుడు, నూనె తీసిన తవుడు వైపు చూస్తారు. బస్తా చవగ్గా వచ్చిందని సంబరపడితే కాదు, అందులో కోడికి ఎంత అందుతుందో తెలియాలి. అది తెలియకుండా కలిపితే కోడి తింటూనే ఉంటుంది, బరువు మాత్రం రాదు. బ్యాచ్ ఎత్తే రోజున ఆ నష్టం కాటా మీద కనిపిస్తుంది.

శక్తి ఎంతో చూడటానికి బాంబ్ కెలోరీమీటర్ అనే పరికరం ఉంది. దినుసును అందులో ఆక్సిజన్ నింపి పూర్తిగా కాల్చి, ఎంత వేడి వచ్చిందో లెక్కగడతారు. అయితే రంపపు పొట్టును కాల్చినా మొక్కజొన్నకు తగ్గని వేడే వస్తుంది. రంపపు పొట్టు తిని ఏ కోడీ పెరగదు కదా. అందుకని కోడి తిన్నదాంట్లో శక్తి ఎంత, బయటికి పోయినదాంట్లో ఎంత అని రెండూ కొలవాలి. కోడికి మలం, మూత్రం ఒకే దారిన కలిసి వస్తాయి కాబట్టి ఆ రెండు నష్టాలూ రెట్టలోనే దొరుకుతాయి. అవి తీసేస్తే మిగిలేదే మెటబాలైజబుల్ ఎనర్జీ. మొక్కజొన్నను కాలిస్తే కిలోకు 3,900 కిలోకేలరీల దాకా వస్తుంది, కోడికి దక్కేది సుమారు 3,300. సోయా చెక్క కాలిస్తే మొక్కజొన్న కంటే ఎక్కువ వేడి ఇస్తుంది, కోడికి దక్కేది మాత్రం 2,200, 2,400 మధ్యలోనే. ఈ తేడా ఏ పరికరమూ తనంతట తాను చెప్పదు, కోడి నుంచే తెలుసుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. కోళ్లను పంజరాల్లో ఉంచుతారు, కింద ట్రే ఉంటుంది. కొత్త దాణాకు కొన్ని రోజులు అలవాటు చేశాక మూడు నాలుగు రోజుల పాటు తిన్నది తూచి, ట్రేలో పడింది తీస్తారు. తీసేముందు విద్యార్థి ట్రే మీదికి వంగి, చిన్న పట్టకారుతో ఈకలు, పొట్టు, ముక్కుతో చిమ్మిన దాణా పలుకులు ఒక్కొక్కటే ఏరాలి. ఆ తర్వాత ఓవెన్‌లో ఆరబెట్టి, పొడి చేసి, కాల్చి చూడాలి.

ఆ ఏరడం ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. ఒక కోడి నాలుగు రోజుల్లో 400 గ్రాములు తింది, గ్రాముకు 4.4 కిలోకేలరీలు, మొత్తం 1,760. రెట్టలో 440 పోయింది. మిగిలిన 1,320ని 400తో భాగిస్తే కిలోకు 3,300. ఇప్పుడు చిమ్మిన దాణా 10 గ్రాములు ఏరకుండా రెట్టలోనే వదిలేశారనుకోండి. మరో 44 కిలోకేలరీలు పోయినట్టు లెక్కలోకి వస్తుంది, అంకె 3,190కి పడిపోతుంది. అంతటితో అయిపోదు. తవుడు లాంటివాటిని కోడికి ఒక్కటిగా పెట్టలేం, మామూలు దాణాలో ఏ 40 శాతమో కలిపి పెట్టి, తేడా నుంచి దాని శక్తిని రాబడతారు. అప్పుడు ఆ 110 తప్పంతా ఆ 40 శాతం మీదే పడుతుంది, 110ని 0.4తో భాగిస్తే తవుడు దగ్గరికి వచ్చేసరికి 275 అవుతుంది. పిడికెడు కూడా లేని దాణాతో ఒక దినుసు పనికిరానిదని ముద్ర పడిపోతుంది. మీ చుట్టాలకు ఈ లెక్క చూపించండి.

మీ అమ్మాయి గైడ్‌ని ఒక విషయం అడగాలి: ప్రయోగం ఏ వయసు కోళ్ల మీద? 1976లో కెనడాలో సిబ్బాల్డ్ అనే శాస్త్రవేత్త, పెద్ద పుంజులను పస్తు ఉంచి, తూచిన మేతను గొట్టంతో లోపలికి పంపి కొలిచే పద్ధతి చెప్పారు. త్వరగా అవుతుంది. అయితే పెద్ద పుంజు కొవ్వును బాగా అరిగించుకుంటుంది, వారం రోజుల పిల్లకు అది చేతకాదు. బ్రాయిలర్ కోసమైతే పెరిగే బ్రాయిలర్ మీదే కొలవడం మంచిదని నా అభిప్రాయం. ఏ పద్ధతైనా కళాశాల జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి.

ఇక ఉద్యోగం మాట. ఎంవీఎస్సీ చేసినంత మాత్రాన పశువైద్యాధికారి దారి మూసుకుపోదు. దానికి బీవీఎస్సీ, పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ కావాలి, వయసు దాటకుండా నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాసుకోవచ్చు. ఎంవీఎస్సీకి తిరుపతి, గన్నవరం కళాశాలలు ఉన్నాయి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్ దాకా వెళ్లొచ్చు, కోళ్లకే ప్రత్యేకమైన కేంద్ర పరిశోధన సంస్థ అక్కడుంది. పరిశోధన వైపు మనసుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్, బెంగళూరులో జాతీయ పశుపోషణ సంస్థ ఉన్నాయి. ప్రైవేటులో దాణా మిల్లులు, రైతులకు పిల్లలు, దాణా ఇచ్చి కోళ్లు పెంచించే ఇంటిగ్రేషన్ కంపెనీలు, దాణాలో కలిపే ఎంజైములు అమ్మే కంపెనీలు ఇలాంటి వాళ్లనే తీసుకుంటాయి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. విశాఖ వదలకూడదనుకుంటే అవకాశాలు తగ్గుతాయి. విజయవాడ, హైదరాబాద్, తమిళనాడు వైపు వెళ్లడానికి మీరూ సిద్ధపడాలి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. ఇంటర్న్‌షిప్ అయ్యేలోగా, ఎక్కడైనా ఇలాంటి ప్రయోగం జరుగుతుంటే ప్రొఫెసర్‌ని అడిగి సహాయకురాలిగా నాలుగు రోజులు వెళ్లమనండి. పొద్దున్నే ట్రేలు తీయనివ్వండి, ఆ వాసనలో నిలబడనివ్వండి. ఐదో రోజు ఉదయం మీరేమీ చెప్పకుండా, మళ్లీ వెళ్తావా అని మాత్రం అడగండి.