నాన్నగారి అంబాసిడర్ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, ఉండేది చెన్నై బీసెంట్ నగర్‌లో. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన 1986 అంబాసిడర్ అప్పట్నుంచీ షెడ్డులోనే ఉంది. మొన్న తోస్తే కదల్లేదు, వెనక బ్రేకులు పట్టేశాయి. మెకానిక్ 1,40,000 ఎస్టిమేట్ ఇచ్చాడు: బ్రేకులకు 22,000, టైర్లకు 28,000, పెయింటుకు 62,000, సీట్లకు 28,000. నాకు నెలకు 15,000 మిగులుతుంది. 5 లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. ఎఫ్‌డీ తియ్యనా, పర్సనల్ లోన్ తీసుకోనా? ఇంట్లో అమ్మేయమంటున్నారు. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది.

జవాబు: ఎఫ్‌డీని ముట్టుకోకండి. రేపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీకున్నది అదొక్కటే. పర్సనల్ లోన్ కూడా వద్దు. బ్రేకులు మాత్రం బాగు చేయించండి.

ఆ 22,000 డ్రమ్ములు విప్పకముందు చెప్పిన అంకె. వెనక చక్రాలు పట్టేయడానికి కారణాలు చాలా ఉంటాయి. హ్యాండ్ బ్రేక్ వేసి నెలల తరబడి వదిలేస్తే, మీ వైపు సముద్రపు గాలికి తుప్పు పట్టి బ్రేక్ షూలు (చక్రం లోపలి డ్రమ్మును ఒత్తి ఆపే ముక్కలు) డ్రమ్ముకు అతుక్కుపోతాయి. కేబుల్ బిగుసుకుని వెనక్కి రాకపోవచ్చు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ తడికి వీల్ సిలిండర్‌లో పిస్టన్లు కదలకుండా పోతాయి. బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం, అంటే హోస్, లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వకపోవడమూ ఉంది. బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటకు వదిలే చిన్న మర) వదులు చేయగానే చక్రం తిరిగితే, లోపం షూలది కాదు, హోస్ దగ్గరో ఇంకా ముందో వెతకాలి. అందుకని మెకానిక్‌ని ఇంటికే పిలిపించి, విప్పిన కూలి వేరేగా ఇచ్చి, ఏది మార్చాలో చూశాక కొత్త ఎస్టిమేట్ అడగండి. పట్టేసిన చక్రాలతో బండిని ఈడ్చుకెళ్లనివ్వకండి. షూల మీది పాత లైనింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడిని గాలి కొట్టి ఊదొద్దని గట్టిగా చెప్పండి.

అంబాసిడర్ తయారీ ఆగింది 2014లోనే కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతాయి. విప్పిన సిలిండర్ చేత్తో పట్టుకుని బండి సామాన్ల దుకాణాలుండే జీపీ రోడ్డుకెళ్లి పోల్చి చూసి కొనండి. పాత సామాన్లు అమ్మే పుదుప్పేటలో బంపరో, తలుపు పిడో కొంటే నేనేమీ అనను. సిలిండర్లు, రబ్బరు కప్పులు, హోస్‌లు మాత్రం కొత్తవే వేయించండి. బేరం పెయింటు దగ్గర ఆడండి, బ్రేకుల దగ్గర వద్దు.

డబ్బు సంగతి. మీ మిగులుతో బ్రేకులకు నెలన్నర, టైర్లకు ఇంకో రెండు నెలలు చాలు. రెండూ అయ్యేదాకా బండి రోడ్డెక్కకూడదు. మూడున్నర నెలలు ఆగలేకపోతే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోండి, దాని వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటుకన్నా 1 నుంచి 2 శాతమే ఎక్కువ. 8.5 శాతానికి 40,000 నాలుగు నెలలు వాడుకున్నా వడ్డీ 1,133 రూపాయలే. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే మాత్రం మొత్తం 5 లక్షల మీదా వడ్డీ తగ్గుతుంది.

పెద్దగా డబ్బు ఖర్చు కాని పని ఒకటుంది, నన్నడిగితే అదే ముందు. ఆర్‌సీ మీ పేరుకు మార్పించుకోండి. వారసులు యజమాని పోయిన మూడు నెలల్లోపే అడగాలి, మీకు రెండేళ్లు దాటింది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పోయినవారి పేరునే ఉంటే, ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పవు. 20 ఏళ్లు దాటితే రెన్యువల్ ఫీజు 10,000, 2025 ఆగస్టు నుంచి. బ్రేకులు సరిగ్గా లేకపోతే ఎఫ్‌సీ రాదు.

అమ్మకం మాటకొస్తే, సొంత వాడకం కారు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కానీ చక్రం తిరగని బండికి పాత ఇనుము ధరే పలుకుతుంది, కాబట్టి అమ్మాలన్నా బ్రేకులే ముందు. వింటేజ్ అయ్యాక రేటు పెరుగుతుందన్న ఆశతో మాత్రం ఉంచుకోవద్దు. ఆ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండాలి, మీ బండికి అది 2036. నాన్నగారి బండి అని ఉంచుకోండి, నాకు ఆ కారణం చాలు.

పెయింటుకు, సీట్లకు టైర్లయ్యాక నెలకు 5,000 ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఏడాదిన్నరకు ఆ 90,000 చేతికొస్తుంది.