లోడు మోసే పికప్‌కి సెరామిక్ బ్రేక్ ప్యాడ్లా, సెమీ మెటాలిక్ ప్యాడ్లా?

ముందు చక్రాల్లో కీచుమనే శబ్దం మొదలైందని, వారంలో సగం రోజులు బండికి నిండా లోడు ఉంటుందని, దారిలో కొండ దిగాల్సి వస్తుందని, ఏ బ్రేక్ ప్యాడ్లు వేయించాలని రాశారు. ప్యాడ్లంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని, అంటే డిస్క్‌ని, నొక్కి బండిని ఆపే పలకలు. మీ వాడకానికి సెమీ మెటాలిక్ ప్యాడ్లే వేయించండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సెరామిక్ వేయించి అదే పని చేసినవాణ్ని నేను.

ఖాళీ బండి నడిపినన్నాళ్లూ సెరామిక్ ప్యాడ్లు, అంటే పింగాణీ తరహా పీచు కలిపినవి, నాకు బాగా నచ్చాయి. చప్పుడు లేదు, చక్రాల మీద నల్లపొడి లేదు. ఒకరోజు 20 సిమెంటు బస్తాలు, అంటే సరిగ్గా టన్ను, వేసుకుని కొండ దిగుతున్నాను. సగం దిగేసరికి క్యాబిన్‌లోకి కాలిన వాసన వచ్చింది. తర్వాతి మలుపులో బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. రెండో గేరుకి దించి, బలమంతా పెట్టి తొక్కితే ఎలాగో పక్కకి వచ్చి ఆగింది. చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగలేదంటే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలేసినట్టు. అలా కాకుండా పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి, పైపుల్లో ఆవిరి బుడగలు వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఎంత మంచి ప్యాడ్లు వేసినా లాభం లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాల్లోని తేమ పీల్చుకున్నాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ప్యాడ్లతో పాటే అదీ మార్పించండి.

బండి బరువు రెట్టింపైతే, అదే వేగం నుంచి ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి కూడా రెట్టింపు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. సెమీ మెటాలిక్ ప్యాడ్‌లో ఇనుము, ఉక్కు పీచు దండిగా ఉంటాయి కాబట్టి ఆ వేడిని తట్టుకుని పట్టు నిలుపుకుంటుంది. దానికి బదులుగా కొంచెం చప్పుడు, ఎక్కువ పొడి, డిస్క్ కాస్త తొందరగా అరగడం తప్పవు. చల్లటి ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులు నీరసంగా అనిపిస్తాయి. లోడు బండికి ఇవి భరించదగ్గ ఇబ్బందులే. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా ఉంటాయి, తేలిక కార్లకి చాలు, మీకు వద్దు.

డబ్బా మీద రాసినదానికన్నా ప్యాడ్ అంచునో, వెనక రేకు మీదో అచ్చయిన అక్షరాలు చూడండి. చాలా ప్యాడ్ల మీద కోడ్ చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ‘ఈ’ (E) అంటే ఘర్షణ గుణకం, అదే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ (F) అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ (G) అంటే 0.45 నుంచి 0.55. నేను విప్పిన సెరామిక్ ప్యాడ్ మీద ఎఫ్ఈ (FE) అని ఉంది. అంటే వేడెక్కితే పట్టు తగ్గుతుందని దాని ఒంటి మీదే రాసి ఉంది, నేనే చూసుకోలేదు. ఇప్పుడు వాడుతున్నవి ఎఫ్ఎఫ్. అక్షరం పెద్దదైతే మంచిదే కదా అని జీజీ వెతకకండి. ముందు బ్రేకులు మరీ గట్టిగా పట్టేస్తే వెనక బ్రేకులతో పొత్తు చెడుతుంది. బండితో వచ్చిన ప్యాడ్ల కోడ్‌కి దగ్గరగా ఉండేలా తీసుకోండి. ఆర్90 ముద్ర ఉంటే ఇంకా నమ్మకం, ఎందుకంటే ఆ యూరప్ నిబంధన ప్రకారం పనితీరు అసలు ప్యాడ్లకి 15 శాతం లోపు తేడాలోనే ఉండాలి.

నా ప్యాడ్లు విప్పినప్పుడు ఇంకోటి కూడా బయటపడింది. పైభాగం అద్దంలా మెరుస్తోంది. బయటి ప్యాడ్ 7 మిల్లీమీటర్లుంటే లోపలిది 3 మాత్రమే. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోవడంతో ఒక్క ప్యాడే బరువంతా మోసింది. కాబట్టి పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, బ్రేకులకి వాడే ప్రత్యేక గ్రీజే రాయించండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. డిస్క్ మందాన్ని కూడా కొలిపించండి, కనీసం ఎంత ఉండాలో సాధారణంగా డిస్క్ మీదే ఉంటుంది. రెండు ముందు చక్రాలకీ ఒకేసారి మార్చాలి, ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది.

కొత్త ప్యాడ్లు వేశాక బండి కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. ప్యాడ్‌ని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటిసారి పెడల్ నేలకి తగులుతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఓ ఇరవై సార్లు తగ్గించండి. తయారీదారు వేరే పద్ధతి చెప్తే అదే పాటించండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిండు లోడు వద్దు.

ఇక ఆ కీచు శబ్దం. చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ఉంటుంది, అరుగుదల చివరికొచ్చాక అది డిస్క్‌ని గీరుతూ కూస్తుంది. మీ బండిలో వినిపిస్తున్నది అదే కావచ్చు. తర్వాతి లోడు ఎత్తకముందే చక్రం విప్పించి చూడండి.