అమ్మ పేరున ఉన్న పొలంలో షెడ్డు కట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. మూడెకరాల నల్లరేగడి. అమ్మకు పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం, ఇప్పటికీ ఆవిడ పేరునే ఉంది. నాన్న లేరు. నేనూ, పెళ్లయిన చెల్లెలూ. రెండెకరాల్లో మిర్చి, ఎకరంలో పత్తి వేస్తున్నాను. మొన్నటి పంటలో కల్లంలో ఆరబోసిన మిరపకాయ వానకు తడిసి చాలా నష్టపోయాను. అందుకే పొలంలో 40 బై 60 అడుగుల రేకుల షెడ్డు వేద్దామనుకుంటున్నాను. మేస్త్రీ పద్నాలుగున్నర లక్షలు అవుతుందన్నాడు, రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. పర్మిషన్ గురించి అడిగితే ‘సొంత పొలంలో షెడ్డుకు పర్మిషనేంటి’ అంటున్నాడు. బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్ ఉంది. మిగతాది మా కాయ కొనే వ్యాపారి నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇస్తానన్నాడు. ఖాళీగా ఉండే చోటును ఎవరికైనా సరుకు పెట్టుకోవడానికి అద్దెకివ్వొచ్చు, రెండు గేదెల్ని కూడా అందులోనే కట్టేయొచ్చు అనుకుంటున్నాను. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఏం చేయమంటారు?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి. మేస్త్రీ చెడ్డవాడని కాదు. మీ ఉత్తరంలో ఇంకా తేలనివి మూడున్నాయి: ఆ షెడ్డు ఎవరిదవుతుంది, ఎంత పెద్దది కావాలి, ఎందుకు వాడతారు. ఈ మూడూ తేలితే పర్మిషన్ సంగతి, అప్పు సంగతి చాలావరకు వాటంతటవే తేలతాయి.

ముందు షెడ్డు సైజు చూద్దాం. మీ డబ్బంతా అక్కడే ఉంది. రెండెకరాల్లో ఎండు కాయ నలభై అయిదు క్వింటాళ్లు వచ్చిందనుకోండి. బస్తాకు 45 కిలోల లెక్కన వంద టిక్కీలు, అంటే వంద బస్తాలు. అయిదు వరసల ఎత్తున పేరిస్తే ఇరవై దొంతులు. ఒక్కో దొంతికి ఆరు చదరపుటడుగులు వేసుకున్నా నూట ఇరవై అడుగులే. మనిషి తిరగడానికి, కాటా పెట్టడానికి చోటు కలుపుకుంటే మూడు వందల అడుగులు చాలు. మీరు కడదామంటున్నది రెండు వేల నాలుగు వందల అడుగులు!

పైగా మీకు నష్టం వచ్చింది కాయ దాచుకోవడానికి చోటు లేక కాదు, ఆరబెట్టుకోవడానికి సరైన నేల లేక. మట్టి కల్లం మీద పట్ట పరిచి ఆరబోస్తే, వాన పడినప్పుడు పైనుంచి కప్పినా కిందినుంచి చెమ్మ పట్టేస్తుంది. కాయలో తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా ఆ భయం పోదు. తేమ నిలిచిన చోట బూజు, బూజు వెంట అఫ్లాటాక్సిన్ అనే విషం. ఎగుమతిదారు ఆ కాయను ముట్టుకోడు. ఆరిన కాయను నెలల తరబడి మామూలు రేకుల షెడ్డులో ఉంచితే రంగు పోతుంది, పురుగు పడుతుంది. గుంటూరు చుట్టుపక్కల అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిసింది అందుకే. కాబట్టి మీ షెడ్డు పని కోత నుంచి మిర్చి యార్డుకో కోల్డ్ స్టోరేజీకో వెళ్లేదాకా కాయను కాపాడటం, మిగతా ఏడాదంతా ఎరువులు, స్ప్రేయరు, పనిముట్లు దాచుకోవడం. అంతే.

అందుకని నా సలహా 20 బై 30 షెడ్డు, దాని ముందు మూడు వేల అడుగుల సిమెంటు కల్లం. మేస్త్రీ చెప్పిన లెక్క అడుగుకు ఆరు వందల చిల్లర పడుతోంది. ఆ ధరకే ఆరు వందల అడుగుల షెడ్డు మూడు లక్షల అరవై, డెబ్భై వేలవుతుంది. కల్లానికి అడుగుకు డెబ్భై అనుకుంటే రెండు లక్షల పది వేలు. కరెంటు సర్వీసు, ప్లాను, సర్వే, ఫీజులకు ఒక యాభై వేలు పక్కన పెట్టండి. ఆరు లక్షల ముప్పై వేల దగ్గర పని పూర్తవుతుంది. ఒక్క విషయం మాత్రం మేస్త్రీని గట్టిగా అడగండి. మీది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. పునాది ఎంత లోతు తీస్తాడు, కల్లం కింద ఎంత మందాన గ్రావెల్ పోసి దిమ్మిస్తాడు అన్నవి ఎస్టిమేటులో రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే రెండో వేసవికే కల్లం పగిలి, ఆ పగుళ్లలో మళ్లీ చెమ్మ చేరుతుంది.

గేదెల్ని మాత్రం ఆ కప్పు కిందికి రానివ్వకండి. మూత్రం, పేడ, తడి గడ్డి ఉన్నచోట కాయ పెడితే తడవకుండానే తడిసినట్టు. వాటికి వేరే దారి ఉంది. ఉపాధి హామీ కింద రాష్ట్రంలో మినీ గోకులాలనే చిన్న పశువుల షెడ్లు కట్టించారు, 2025 జనవరిలో పిఠాపురంలో వాటిని ప్రారంభించారు. ఇప్పుడు మీ మండలంలో మంజూరులున్నాయేమో పశువుల ఆసుపత్రిలో, ఎంపీడీవో ఆఫీసులో అడగండి.

ఇక పర్మిషన్. పొలమైనా ఊరి పంచాయతీ పరిధిలోనిదే. పక్కా పునాదితో కట్టడం లేపుతున్నప్పుడు పంచాయతీకి దరఖాస్తు పెట్టడమే పద్ధతి. మీ గ్రామం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలో ఉందా లేదా అన్నది గ్రామ సచివాలయంలో ముందుగా తేల్చుకోండి. ఉంటే ఆ భూమి ఏ జోన్‌లో పడింది, అందులో వ్యవసాయ కట్టడాన్ని ఎంతమేర అనుమతిస్తారు అన్నది కూడా చూడాలి. దరఖాస్తులో ‘సొంత పంట ఆరబెట్టుకోవడానికి, తాత్కాలిక నిల్వకు, పనిముట్లకు’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇచ్చిన దరఖాస్తుకు రసీదు, వచ్చిన జవాబు నకలు భద్రంగా ఉంచుకోండి. రేపు బ్యాంకువాళ్లు అడిగేది వాటినే.

అద్దె ఆలోచన మానుకోమని నేను గట్టిగా చెప్పేదీ ఇక్కడే. మీ పంటకు మీరు వాడుకునే షెడ్డు వ్యవసాయంలో భాగం. పక్కవాళ్ల సరుకు పెట్టి అద్దె తీసుకుంటే అది గోడౌన్ వ్యాపారం. అప్పుడు భూమి వాడకం మారినట్టు. ఇన్నాళ్లూ ఈ మార్పిడికి 2006 నాటి నాలా చట్టం కింద ఫీజు కట్టేవాళ్లు. 2025లో ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేయాలని నిర్ణయించి, భవన అనుమతి దగ్గరే అభివృద్ధి రుసుము తీసుకునే పద్ధతికి మళ్లింది. పేరు మారినా ఖర్చు ఖర్చే. అసలు నష్టం ఆ ఫీజు కూడా కాదు.

ఇప్పుడు మీ పొలం ఆదాయపు పన్ను దృష్టిలో గ్రామీణ వ్యవసాయ భూమి. లక్ష పైన, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊరికి ఆరు కిలోమీటర్ల లోపు ఉంటే లెక్క వేరు. గుంటూరు ఆ కోవలోకి వస్తుంది, కానీ మీ పల్లె ఆ గీతకు చాలా బయట ఉంది. అందుకే రేపు అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. అదే భూమిని వ్యవసాయేతరంగా మార్చుకుంటే ఆ రక్షణ పోతుంది. వచ్చే అద్దె కూడా వ్యవసాయ ఆదాయం కాదు. పంట రుణం, రైతు పథకాలు కూడా వ్యవసాయ భూమిగా రికార్డులో ఉన్న విస్తీర్ణానికే. నెలకు నాలుగు వేల అద్దె కోసం వీటన్నిటినీ కదిలించడం నాకు ఏ కోశానా నచ్చలేదు. ఏ కారణం చేతైనా మార్పిడి తప్పదని అధికారులంటే, షెడ్డు నిలిచే మేరకే, అయిదు సెంట్లో పది సెంట్లో సర్వేయరుతో విడగొట్టించి అంతవరకే చేయించండి. మూడెకరాలకూ ఒకేసారి చేయిస్తే పోలేదా అని చెప్పేవాళ్లు తగులుతారు. వాళ్ల మాట వినకండి.

అప్పు దగ్గరికొద్దాం. నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. నాలుగు లక్షలు తెచ్చారనుకోండి, ఏడాదికి 72,000 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. అదే నాలుగు లక్షలు బ్యాంకులో 9 శాతానికి ఏడేళ్లకు, పంట చేతికొచ్చాక ఏడాదికో వాయిదా పద్ధతిలో తీసుకుంటే వాయిదా సుమారు 79,500. అందులో అసలూ తీరిపోతుంది. ఇంకో ఏడున్నర వేలు కలిపినందుకు ఏడేళ్లలో అప్పే లేకుండా పోతోంది చూడండి. పైగా కాయ కొనేవాడి దగ్గరే అప్పుంటే ధర మాట్లాడేటప్పుడు మీ నోరు లేవదు. ఆ నష్టం ఏ కాగితంలోనూ కనపడదు, కానీ యార్డులో కాటా దగ్గర నిలబడిన ప్రతి రైతుకూ తెలుసు.

2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద, అర్హత ఉన్న పనులకు రెండు కోట్ల దాకా అప్పు మీద ఏడేళ్ల వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కోత తర్వాత పంటను ఆరబెట్టడం, నిల్వ చేయడం లాంటి పనులకే ఉద్దేశించింది అది. ఖర్చులో కనీసం పదో వంతు మీరు పెట్టుకోవాలి. వడ్డీ 6 శాతానికి దిగితే మీ వాయిదా 71,600 దగ్గరికి వస్తుంది. అంటే వ్యాపారికి కట్టే ఒట్టి వడ్డీ కంటే తక్కువ. ఈ పథకంలో అప్పులిచ్చే గడువు 2025-26 వరకని పెట్టుకున్నారు కాబట్టి, బ్యాంకులో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇప్పుడు మంజూరులున్నాయా’ అని. అలాగే ఉద్యాన శాఖ ఆఫీసులో ప్యాక్ హౌస్ (పంటను ఏరి, ప్యాక్ చేసుకునే షెడ్డు) రాయితీ గురించి వాకబు చేయండి. రాయితీ ఏదైనా ముందు మంజూరు, తర్వాతే పని. రేకులు వేసేశాక వెళితే ఎవరూ ఏమీ చేయలేరు.

బ్యాంకు మేనేజరు కొంచెం వెనకాడితే నొచ్చుకోకండి. అప్పు కట్టకపోతే తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే వాళ్లు కాగితాలు ఒకటికి రెండుసార్లు చూస్తారు. ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం), 1బీ (భూమి యజమాని రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), పాస్‌పుస్తకం అన్నీ ఒకే విస్తీర్ణం చూపాలి. మీ ఊళ్లో రీసర్వే అయివుంటే పాత సర్వే నంబరుకీ కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరుకీ పొంతన ఉందో లేదో ముందే చూసుకోండి. అయిదు సెంట్లు తేడా కనపడినా ఫైలు అక్కడే ఆగిపోతుంది.

డిపాజిట్ మొత్తం తీయొద్దు. రెండు లక్షల ముప్పై వేలు తీయండి, నాలుగు లక్షలు బ్యాంకు అప్పు. మిగిలిన మూడు లక్షల డెబ్భై వేలలో ఒక వాయిదా డబ్బు విడిగా ఉంచి, మిగతాది అమ్మాయి చదువుకని అనుకోండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది, గుర్తుంది కదా. అలాంటి ఏడాది మళ్లీ వస్తే వాయిదా మాత్రం ఆగదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఎనిమిది క్వింటాళ్లు తాలు (రంగు పోయిన నాసి కాయ) కాకుండా కాపాడుకుని, క్వింటాకు ఆరు వేల తేడా మిగిలిందనుకున్నా ఏడాదికి 48,000. వాయిదా అంతకంటే ఎక్కువే. ప్రతి ఏడూ వాన పడదు కూడా. కాబట్టి గత మూడు పంటల్లో తడిసి, తాలై ఎంత పోయిందో, పట్టల అద్దెకు, కాపలాకు ఎంత పెట్టారో పాత అమ్మకం పట్టీలు, ఖర్చుల లెక్కలు తీసి రాసుకోండి. ఆ లెక్క ఏడాదికి ముప్పై వేలు దాటకపోతే, ఈ ఏడాదికి షెడ్డు ఆపి, సొంత డబ్బుతో సిమెంటు కల్లం ఒక్కటే వేసుకోండి. నేనైతే అదే చేస్తాను.

అన్నిటికంటే సున్నితమైన సంగతి చివరికి ఉంచాను. పొలం అమ్మది. మీ డబ్బుతో కట్టినా, అప్పు మీరు తీర్చినా షెడ్డు నేలతోపాటే పోతుంది. వీలునామా లేకుండా ఆవిడ తదనంతరం ఆ నేల మీకూ చెల్లెలికీ సమానంగా చెందుతుంది. చట్టం అలాగే ఉంది, న్యాయం కూడా. ఇలాంటి చోటే ఓ అన్నాచెల్లెళ్లు పదేళ్లు మాట్లాడుకోకుండా ఉండిపోవడం నేను దగ్గరుండి చూశాను. వాళ్ల తగాదా విలువ నాలుగు లక్షలు కూడా ఉండదు. అందుకని దరఖాస్తు అమ్మ పేరునే పెట్టండి, అప్పులో ఆవిడా మీరూ కలిసి సంతకం చేయండి. లేదా షెడ్డు వచ్చే పది సెంట్లు అమ్మ మీకు రాసిచ్చినట్టు సెటిల్‌మెంట్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, దానికి బదులు చెల్లెలికి ఏమివ్వాలో అదే రోజు కాగితం మీద రాయించండి. ఏ దారైనా మీ చెల్లెలికి తెలియకుండా జరగకూడదు. మిర్చి కోతలు జనవరికి గానీ ఊపందుకోవు. కల్లం సిమెంటు ఆరడానికి మూడు నాలుగు వారాలు తీసేసినా మీ చేతిలో టైముంది. ఈ ఆదివారం చెల్లెల్నీ బావగారినీ భోజనానికి పిలవండి, మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేటు కాగితం అమ్మ ముందే వాళ్ల చేతికివ్వండి.