మీటియర్ 350 ఇంజిన్‌కు పవర్ పెంచాలంటే ఏమేమి మార్చాలి? ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న అడిగినవారు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మీటియర్ 350 కొని ఏడాదయిందనీ, హైవే మీద వంద దాటితే బండి ఆయాసపడుతోందనీ, సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు, పిస్టన్ మారిస్తే పవర్ ఎంత పెరుగుతుందో చెప్పమనీ రాశారు. నా దగ్గర మీటియర్ లేదు. ఉన్నది దాని అన్నలాంటిది, 2013 మోడల్ థండర్‌బర్డ్ 350. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హతను 42 వేల రూపాయలు పోసి సంపాదించుకున్నాను కాబట్టి చెబుతాను.

పవర్ కావాలని అడిగేవాళ్లలో నూటికి తొంభై మందికి నిజంగా కావలసింది చప్పుడు. కోపం తెచ్చుకోకండి, ఆ తొంభై మందిలో నేనూ ఉన్నాను. 2016లో ఫ్రీ ఫ్లో సైలెన్సరు (పొగను పెద్దగా అడ్డుకోకుండా, చప్పుడుతో వదిలేది) వేయించుకున్న రోజు విజయవాడ బందరు రోడ్డు మీద నా బండి విమానంలా పోతోందని ఒట్టు పెట్టి చెప్పేవాడిని. వెనక కూర్చున్న మా తమ్ముడు మెడ సాచి మీటరు చూసి, "అన్నయ్యా, యాభై ఐదు" అన్నాడు. అంతకుముందు రోజు వరకు అదే రోడ్డులో అరవైలో వెళ్లేవాళ్లం. చెవి ఇలాగే మోసం చేస్తుంది.

అక్కడితో ఆగి ఉంటే నాలుగైదు వేలతో పోయేది. నేను ఆగలేదు. ఎయిర్ ఫిల్టరు మార్చాను. ఆ తర్వాత ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొరియర్‌లో ఒక ఫోర్జ్‌డ్ హై కంప్రెషన్ పిస్టన్ తెప్పించాను. అంటే పోత పోయకుండా ఒత్తిడితో మలిచినది, గాలి-పెట్రోలు మిశ్రమాన్ని మరింత గట్టిగా నొక్కేది. పెట్టె విప్పినప్పుడు అది ఎంత అందంగా ఉందో చెప్పలేను. వెండి గిన్నెలా మెరుస్తోంది. మా అమ్మ చూసి, "ఇదేమిటిరా, కొత్త టీ గ్లాసా?" అంది.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక మెకానిక్ ఇంజిన్ విప్పడానికి ఒప్పుకున్నాడు. పేరెందుకు లెండి, ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, మంచివాడే. ఏది అడిగినా "అయిపోతుంది సార్" అంటాడు. ఈ మాట అనే మెకానిక్‌ల మీద నాకు ఇప్పుడు అంత నమ్మకం లేదు. "ఎందుకండీ ఇదంతా?" అని అడిగేవాడే అసలైన మెకానిక్. అలా అడిగినవాడు మొత్తం వ్యవహారంలో ఒక్కడే ఉన్నాడు. సిలిండరు బోరింగ్ వేసిన లేత్ షాపు పెద్దాయన. పిస్టన్‌ను అరచేతిలో తిప్పి చూసి, "బాబూ, ఇది పోత పిస్టన్ కాదు. వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు ఎంత పెట్టమంటారు?" అన్నాడు. నేను మెకానిక్ వైపు చూశాను. అతను "కంపెనీ లెక్కే పెట్టేయండి బాబాయ్, లూజుగా ఉంటే పొగ వస్తుంది" అన్నాడు. పెద్దాయన ఇంకేమీ మాట్లాడకుండా మిషను ఆన్ చేశాడు. ఆ నిమిషంలో నేను నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ జవాబు రాయవలసిన పని ఉండేది కాదు.

2017 మే నెల. కొత్త పిస్టన్‌తో ఐదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమన్నారు. నూట ఎనభై అయ్యేసరికే నాకు ఓపిక చచ్చిపోయింది. ఏలూరులో మేనత్త కూతురి నిశ్చితార్థం ఉందని మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరాను. గన్నవరం విమానాశ్రయం దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. యాక్సిలరేటర్ తిప్పాను. నిజం చెప్పాలి, ఆ రెండు మూడు నిమిషాలు బండి బ్రహ్మాండంగా లాగింది. మీటరులో ముల్లు నూట అయిదు మీద ఉంది. ఇంకా తిప్పుతున్నాను.

హనుమాన్ జంక్షన్ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టయింది. పెట్రోలు అయిపోయిందేమో అనుకునే లోపల ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా తెగిపోయి, వెనక చక్రం బిగుసుకుపోయి, కీచుమని అరుపు. క్లచ్ నొక్కాలని నేను ఆలోచించలేదు, ఎడమ చెయ్యే నొక్కేసింది. ఆ చేతికి నేను రుణపడి ఉన్నాను. బండి పాములా రెండు వంకర్లు తిరిగి, చక్రం పట్టు వదిలి, చప్పుడు లేకుండా దొర్లుకుంటూ రోడ్డు పక్కన ఒక మామిడిపళ్ల పాక ముందు ఆగింది. వెనక వస్తున్న లారీ హారను కొడుతూ పక్కనుంచి వెళ్లిపోయింది. దాని గాలికి పాక మీది గోనెపట్టా లేచింది.

పాకలో నూజివీడు రసాలు పేర్చుకుంటున్న ఆవిడ నా వైపు, ఇంజిన్ నుంచి లేస్తున్న వేడి సెగ వైపు చూసి, "బండికి దాహమేసినట్టుంది బాబూ" అంటూ చెంబు తెచ్చింది. ఇంజిన్ మీద పోయబోతుంటే పరుగెత్తి ఆపాను. అంత వేడి మీద చన్నీళ్లు పడితే ఫిన్నులు (ఇంజిన్ చుట్టూ ఉండే చల్లార్చే రేకులు) పగిలినా పగులుతాయి. ఆ నీళ్లు నేను తాగాను. గంట తర్వాత కిక్ కొడితే కదిలింది, స్టార్టు కూడా అయింది. కానీ లోపల ఎవరో గరిటెతో కొడుతున్నట్టు టకటక. ఆపేసి, టాటా ఏస్ మాట్లాడుకుని ఆటోనగర్‌కు తిరిగి వచ్చాను. నిశ్చితార్థం నేను లేకుండానే అయిపోయింది. అత్తయ్య రెండు నెలలు మాట్లాడలేదు.

విప్పి చూస్తే పిస్టన్ పక్కలకు నిలువునా గీతలు. నాలుగు చోట్ల, నాలుగు మూలల్లాగా, అల్యూమినియం కరిగి సిలిండరు గోడకు పూసినట్టు అంటుకుంది. లేత్ షాపు పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి ఒక్కసారి చూశాడు. "నాలుగు మూలలా పట్టేసింది. సందు చాలలేదు" అన్నాడు. తర్వాత ప్లగ్గు చూపించమన్నాడు. అది సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. సైలెన్సరు, ఫిల్టరు మార్చి గాలి ఎక్కువ పోయేలా చేశాం కానీ, కార్బురేటర్‌లో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే మెయిన్ జెట్ పాతదే ఉంచేశాం. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అలాంటి మిశ్రమంతో నిండు యాక్సిలరేటర్ మీద ఇంజిన్ మరీ వేడెక్కుతుంది. వేడికి పిస్టన్ ఉబ్బింది, ఉబ్బడానికి చోటు లేదు. తప్పులు రెండూ చేయీ చేయీ కలుపుకున్నాయి. మొదట పెట్టింది 24 వేలు. మళ్లీ కంపెనీ సిలిండరు, పిస్టన్, రింగులు, కూలీ కలిపి 18 వేలు.

ఇప్పుడు మీ ఇంజిన్ సంగతి. నా దానిలో బోరు, అంటే సిలిండరు వెడల్పు, 70 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, 90. గరిష్ఠ పవర్ వచ్చే 5,250 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర పిస్టన్ సెకనుకు 175 సార్లు ఆగి వెనక్కి తిరుగుతూ, సగటున సెకనుకు పదిహేను మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. మీ దానిలో 72, 85.8. కాస్త నయం, కానీ కులం అదే. పొడుగు స్ట్రోకు ఇంజిన్ కింది ఆర్‌పీఎంలో ఎద్దులా లాగడానికి పుట్టింది. మీటియర్‌కు 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, 4,000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. 20.2 హార్స్ పవర్ 6,100 దగ్గర. ఎద్దుకు జీను వేసి రేసుకు పంపితే తప్పు ఎద్దుది కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన పవర్ వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. మీ బండి ఉన్న పవరంతా పెట్టి 110 పోతుందనుకుందాం. 110 నుంచి 120కి వెళ్లాలంటే వేగం 9 శాతమే పెరుగుతుంది, పవర్ మాత్రం 30 శాతం దాకా కావాలి. అంటే మీకు ఇంకో ఆరు హార్స్ పవర్. సైలెన్సరు, ఫిల్టరుతో రెండు పెరిగాయనే అనుకుందాం, 110 కాస్తా 113 అవుతుంది. నా బండిని నేను డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి కొలిపించలేదు. అక్కర్లేదు, నా నడుము చెప్పింది. పైగా మీది ఫ్యూయల్ ఇంజెక్షన్. నిదానంగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సరు మిశ్రమాన్ని తానే సర్దుకుంటుంది. నిండుగా తిప్పినప్పుడు మాత్రం కంపెనీ రాసిపెట్టిన పట్టికే దిక్కు, అందులో మీ కొత్త సైలెన్సరు ఊసే ఉండదు. ఆ పట్టికను, అంటే ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూలోని మ్యాపును కూడా మార్చగలిగితేనే మిగతావి ముట్టుకోండి.

డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి తన హార్లే స్పోర్ట్‌స్టర్ 883ని 1200 చేయించుకున్నాడు. అది చూసే నాకు పురుగు కుట్టింది. కానీ ఆ రెండు ఇంజిన్లకూ స్ట్రోకు ఒకటే, బోరు మాత్రం 76.2 నుంచి 88.9 మి.మీ. అవుతుంది. ఇంజిన్ అడుగు భాగం రెండింటినీ మోయగలదు, కిట్లు అమ్ముతారు, సందు ఎంతో కాగితం మీద రాసి ఇస్తారు. మనకు రాసి ఇచ్చేవాడెవడు?

చట్టం సంగతి కూడా చెప్పాలి, వీడియోలు చేసేవాళ్లు చెప్పరు కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చి రోలరుతో తొక్కిస్తున్న దృశ్యాలు చూసే ఉంటారు. నాకైతే వాటిని చూస్తే మనసు చల్లబడుతుంది. మా వీధిలో రాత్రి పదకొండున్నరకు ఫట్ ఫట్‌మని పేలుస్తూ వెళ్లే కుర్రాడొకడు ఉన్నాడు. వాడి బండి దినవారీ ప్రయాణం ఇంటి నుంచి టిఫిన్ బండి దాకా. పక్కింటి పసిపాప ఉలిక్కిపడి లేస్తుంది, ఆ తర్వాత వీధంతా మేలుకుంటుంది. అప్పట్లో నా వల్ల ఎంతమంది లేచారో అనుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతకీ మీరేమి చేయాలి? ముందు చెయిన్ చూడండి, ఎండిపోయి ఉంటుంది. టైర్లలో గాలి చూడండి. బ్రేకు పట్టేసి ఉందేమో చక్రం ఎత్తి తిప్పి చూడండి. పట్టణంలో లాగుడు ఇంకా కావాలంటే ఇంజిన్ వైపు స్ప్రాకెట్ (చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను తక్కువది వేయించవచ్చు, కానీ అదే వేగానికి ఇంజిన్ మరింత తిరుగుతుంది, హైవే మీద మీ బాధ పెరుగుతుంది. నూట ఇరవైలో హాయిగా పోవాలనే కోరిక తీరకపోతే మీటియర్ అమ్మి సూపర్ మీటియర్ 650 తీసుకోండి. దానికి 46 పైన హార్స్ పవర్ కంపెనీయే ఇస్తుంది, వారంటీతో. బరువు మాత్రం 241 కిలోలు, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు నన్ను తలచుకుంటారు.

నా థండర్‌బర్డ్ ఇప్పటికీ కంపెనీ పిస్టన్ మీదే తిరుగుతోంది, ఎనభైలో. ఆ ఢిల్లీ పిస్టన్ మా నాన్నగారి బల్ల మీద కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా కూర్చుంది. సైలెన్సరు అటక మీద ఉంది. కొంటామని మెసేజీలు పెట్టకండి, అమ్మను.